ఐదుగురు పాఠకులు, ముప్ఫై మంది సర్వర్లు

ప్రశ్న: పెదవాల్తేరులో మా వీధి వాళ్లం కలిసి ఒక పఠన మందిరం నడుపుతున్నాం. నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను, సాయంత్రాలు అక్కడే కూర్చుంటాను. దగ్గర దగ్గర 3,200 పుస్తకాలున్నాయి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో సభ్యులు ఫోనులో చూసుకునే ఏర్పాటు ఉంటే బాగుంటుందని, మా మేనల్లుడు తన దగ్గర మూలపడి ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఒకటి ఇచ్చి వెళ్లాడు. మొదటి తరం మోడల్ బి, 512 మెగాబైట్ల మెమరీ. తెలిసిన కుర్రాడొకడు అందులో పేజీలు పంపే వెబ్ సర్వరు అపాచీ, పేజీలు తయారుచేసే భాష పీహెచ్‌పీ, డేటాబేస్ మరియాడీబీ, వాటి మీద వెబ్‌సైటు నడిపే వర్డ్‌ప్రెస్ పెట్టి ఇచ్చాడు. ఒక్కరు చూస్తుంటే పేజీ నెమ్మదిగానైనా వస్తుంది. సాయంత్రం ఐదారుగురు ఒకేసారి తెరిస్తే నిమిషం దాటినా రాదు. రెండుసార్లు మొత్తం బిగుసుకుపోతే ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. అపాచీ బదులు ఇంజిన్‌ఎక్స్ అనే సర్వరు పెట్టమని ఒకరు, లైటీ పెట్టమని ఇంకొకరు, ఈ గొడవలన్నీ ఎందుకు పాత డెస్క్‌టాప్ కొనుక్కోమని మరొకరు అంటున్నారు. ఏ వెబ్ సర్వరు మంచిది? విదేశాల్లో ఉన్న మా పాత సభ్యులు కూడా పట్టిక చూడగలరా? ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో కూడా అందులోనే రాసుకోవచ్చా?
— పెదవాల్తేరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మాస్టారూ, నమస్కారం. మీరు పేరు అడిగారు కాబట్టి ముందు పేరు చెప్పేస్తాను. లైటీ పెట్టండి. దాని పూర్తి పేరు లైట్‌టీపీడీ, ముద్దుపేరు లైటీ. అయితే అపాచీని తీసేసి దాన్ని పెట్టి, మిగతా సరంజామా అలాగే ఉంచితే మీ కష్టం సగమే తీరుతుంది. ఆ మిగిలిన సగం ఎక్కడుందో చూపించకుండా పేరొక్కటి చెప్పి ఊరుకుంటే, వచ్చే నెల మీరు మళ్లీ ఉత్తరం రాయాల్సి వస్తుంది.

డెస్క్‌టాప్ సంగతి ముందే తేల్చేద్దాం. మీ దగ్గరున్న రాస్ప్‌బెర్రీ పై (ఇకమీద పై అంటే అదే) సుమారు మూడున్నర వాట్లు తింటుంది. ఏడాది పొడవునా రాత్రింబవళ్లు వెలిగినా 31 యూనిట్లు దాటదు. 60 వాట్లు తినే పాత డెస్క్‌టాప్ అదే ఏడాదికి 525 యూనిట్లు లాగుతుంది. చందాలతో నడిచే పఠన మందిరానికి ఆ బిల్లు ఎందుకు? పైగా దాని ఫ్యాను రొద చదువుకునే గదిలో ఎవరు భరిస్తారు? వద్దు.

ఇక అసలు విషయం. మన హోటళ్లలో టిఫిను తెచ్చిపెట్టే మనిషిని కూడా సర్వరనే పిలుస్తాం కదా. మీ పైలో జరుగుతున్నది అర్థం కావడానికి ఆ మనిషే సరిపోతాడు. పూర్ణా మార్కెట్ దగ్గర ఏ చిన్న టిఫిన్ హోటల్లోనైనా పొద్దున్నపూట కాసేపు కూర్చోండి. ఆరు బల్లలుంటాయి, ఒక్కడే సర్వరు. ఈ బల్ల మీద ఇడ్లీ పెడతాడు, ఆ బల్ల దగ్గర ఏం కావాలో అడుగుతాడు, వెళ్తూ వెళ్తూ ఇంకో బల్ల మీద నీళ్లు పెడతాడు. వచ్చినవాళ్లు తినేటప్పుడు వాళ్ల పక్కన నిలబడి చూస్తూ ఉండడు. ఇప్పుడు యజమాని ఇంకో పద్ధతి పెట్టాడనుకోండి: లోపలికి వచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కో సర్వరు, ఆయన చేయి కడుక్కుని లేచేవరకు ఆ సర్వరు కదలకూడదు. పది మంది రాగానే సర్వర్లకే నిలబడడానికి చోటు చాలదు.

మీ అపాచీ ఆ రెండో హోటలు. అపాచీ 1995లో పుట్టింది, గట్టి పిండం, ఈనాటికీ మంచి సర్వరే. దానికి పనిచేసే పద్ధతులు రెండు మూడున్నాయి. 2012లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి ఈవెంట్ అనే పొదుపైన పద్ధతి కూడా స్థిరపడింది. కానీ పీహెచ్‌పీని అపాచీ కడుపులోనే కూర్చోబెడితే, మామూలుగా అది ప్రీఫోర్క్ అనే పాత పద్ధతిలోకి వెళ్తుంది. అంటే కనెక్షను ఒక్కంటికి ఒక ప్రాసెస్, విడిగా నడిచే అపాచీ నకలు ఒకటి. ఆ కుర్రాడు అందరూ చేసినట్టే చేసి ఉంటాడు. అతణ్ని తప్పుపట్టను. వెబ్‌సైటు కావాలని ఎవరు అడిగినా చేతికి అలవాటైన నాలుగూ ఎక్కించడం మన ఊళ్లోనే కాదు, అన్నిచోట్లా ఉన్నదే.

ఇప్పుడు సాయంత్రం ఆరు గంటలప్పుడు ఏం జరుగుతోందో లెక్కేద్దాం, మీకు లెక్కలంటే ఇష్టమే కదా. ఫోనులోని బ్రౌజరు పేజీ ఒక్కటి అడిగి ఊరుకోదు. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు, స్క్రిప్టులు అన్నీ త్వరగా తెచ్చుకోవాలని ఒకే సర్వరుకు ఏకకాలంలో ఆరు కనెక్షన్ల దాకా తెరుస్తుంది. వర్డ్‌ప్రెస్ పేజీలో అలాంటి ముక్కలు బోలెడు. ఐదుగురు ఒకేసారి తెరిస్తే ఐదార్లు ముప్ఫై. ముప్ఫై కనెక్షన్లకు ముప్ఫై ప్రాసెస్‌లు. పని అయిపోయినా ప్రతి ప్రాసెసూ ఇంకేమైనా అడుగుతారేమోనని ఐదు సెకన్లు అక్కడే కాచుకుని ఉంటుంది. మనం మార్చకపోతే అపాచీలో ఉండే అమరిక అది. డెబియన్ అనే లినక్స్ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మీ పైలో అలాంటి ప్రాసెస్‌లు 150 దాకా పుట్టడానికి అనుమతి ఉంది. ఆ అంకెను పెద్ద కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకుని పెట్టారు.

చోటు ఎంత ఉందో చూడండి. 512 మెగాబైట్లలో 64 మెగాబైట్లు గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టేసి ఉంటాయి, మీ పైకి టీవీ తగిలించకపోయినా సరే. మరియాడీబీ తన లోపలి నిల్వ కోసమే 128 మెగాబైట్ల దాకా వాడుకునే హద్దుతో వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ తన వాటా తాను తీసుకుంటుంది. మిగిలిన దాంట్లో, వర్డ్‌ప్రెస్‌ను మోస్తున్న అపాచీ ప్రాసెస్‌లు ముప్ఫై కూర్చోవాలి. కొంత మెమరీ వాటి మధ్య ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి ఒక్కోదాని పక్కన కనిపించే అంకెను ముప్ఫైతో గుణించడం సరైన లెక్క కాదు. అయినా ఎలా తిప్పి చూసినా చోటు చాలదు. చాలనప్పుడు లినక్స్ ఏం చేస్తుంది? మెమరీలో కొంత భాగాన్ని తీసి స్వాప్ అనే తాత్కాలిక చోటులో పెడుతుంది. ఆ స్వాప్ ఎక్కడుంది? మెమరీ కార్డులో. ఫొటోలు దాచుకోవడానికి తయారైన ఆ కార్డు మీద సెకనుకు వందలసార్లు రాయడం, చదవడం మొదలవుతుంది. అక్కడితో మీ పై బిగుసుకుపోతుంది. ప్రాసెసరుకు చేతకాక కాదు, కార్డు కోసం చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది.

నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, కళ్లతో చూడవచ్చు. రేపు సాయంత్రం అందరూ ఫోన్లు తెరిచినప్పుడు పైలో టాప్ అనే ఆదేశం ఇవ్వండి. పైన కనిపించే నాలుగైదు వరుసల్లో ప్రాసెసరు శాతాలు చూపించే వరుస ఒకటి ఉంటుంది. అందులో ‘డబ్ల్యూఏ’ అనే రెండక్షరాల పక్కన ఉన్న అంకె, ప్రాసెసరు ఖాళీగా కూర్చుని కార్డు కోసం కాచుకున్న శాతం. అది అరవై, డెబ్భై, ఎనభై అని ఎగబాకుతూ, కింద స్వాప్ వరుసలో వాడుక పెరుగుతూ ఉంటే నేను చెప్పింది నిజం. ఆ అంకె చిన్నగానే ఉండి, పీహెచ్‌పీ ప్రాసెసరును నూటికి నూరు తినేస్తుంటే నేను చెప్పింది సగమే నిజం. అప్పుడు జబ్బు వర్డ్‌ప్రెస్‌లో ఎక్కువ, అపాచీలో తక్కువ.

ఆ పరీక్ష అయ్యాక మందు కూడా ఒకపూట వేసి చూడవచ్చు. అపాచీ సెట్టింగుల్లో మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ అని ఉన్నచోట 150 తీసేసి 6 పెట్టండి, పని అయ్యాక కాచుకునే సమయమైన కీప్‌ఎలైవ్‌టైమౌట్‌ను ఒక సెకనుకు తగ్గించండి. అపాచీని ఆపి మళ్లీ మొదలుపెట్టండి. పేజీ అప్పటికీ గబగబా రాదు కానీ బిగుసుకుపోవడం ఆగుతుంది. ఏడో కనెక్షను వరుసలో నిలబడుతుంది, అంతే. ఏ కారణం చేతనైనా మీరు వర్డ్‌ప్రెస్ వదలలేకపోతే ఈ రెండు అంకెలు మార్చుకుని ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు.

వదలగలిగితే చదవండి. ఎందుకంటే అసలు మీ పట్టికకు వంట అవసరమే లేదు. మళ్లీ హోటలుకే వెళ్దాం: ఇడ్లీ పొద్దున్నే వండి పాత్రలో పెట్టి ఉంటుంది, అడగగానే తీసి పెట్టడమే. పెసరట్టు అలా కాదు, అడిగాక పోయాలి, కాలాలి, అల్లం, ఉల్లిపాయ చల్లాలి. పీహెచ్‌పీ, డేటాబేస్ కలిసి ఇచ్చే పేజీ పెసరట్టు. ప్రతిసారీ కొత్తగా పోస్తారు. ఒక్కొక్కరికి ఒక్కోరకంగా కనబడాల్సిన పేజీకి అది అవసరం. మీ 3,200 పుస్తకాల పట్టిక అందరికీ ఒకటే, నెలకు పదో ఇరవయ్యో పుస్తకాలు చేరితే మారుతుంది. అది అచ్చంగా ఇడ్లీ. ఒకసారి వండి ఫైలుగా పెట్టేస్తే సర్వరు చేయవలసింది ఆ ఫైలు తీసి ఇవ్వడం ఒక్కటే. ఆ పనికి 700 మెగాహెర్ట్జ్ ఒంటరి ప్రాసెసరు ధారాళంగా సరిపోతుంది.

వండే పద్ధతి ఇది. పుస్తకాల జాబితాను మామూలు స్ప్రెడ్‌షీటులో ఉంచండి: వరుస సంఖ్య, పేరు, రచయిత, బీరువా, అర. దాన్ని చదివి ఒక డేటా ఫైలు, ఒక పేజీ తయారుచేసే చిన్న పైథాన్ స్క్రిప్టు మీ మేనల్లుడు ఒక పూటలో రాసేస్తాడు. వెతకడం సంగతేమిటని అడుగుతారు. వెతికే పని ఫోనుకు అప్పగించండి. సభ్యుల చేతుల్లో ఉన్న ఏ చవక ఫోనైనా మీ పైకంటే ఎన్నో రెట్లు బలమైనది. పట్టిక మొత్తం ఒక్కసారి ఫోనులోకి పంపేస్తే, అక్షరం టైపు చేస్తున్నకొద్దీ బ్రౌజరే వెతికి చూపిస్తుంది, పై హాయిగా పడుకుంటుంది.

పట్టిక మొత్తం పంపితే బరువు కాదా? తూచి చూద్దాం. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి. ఒక పుస్తకానికి పేరు, రచయిత కలిపి 45 గుర్తులనుకుంటే 135 బైట్లు, సంఖ్యలూ కామాలూ కలిపితే 150. మూడు వేల రెండు వందల పుస్తకాలకు 4,80,000 బైట్లు. అర మెగాబైటు లోపే. పైగా ఆ మూడు బైట్లలో మొదటిది ప్రతి తెలుగు గుర్తుకూ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి. ఇలా వచ్చిందే మళ్లీ వచ్చే సరుకును జీజిప్ అనే కుదింపు పద్ధతి బాగా నలిపేస్తుంది. చివరకు ఫోనుకు చేరేది ఆ అర మెగాబైటులో చిన్న భాగం. ఫోనుతో తీసిన ఒక ఫొటో ఇంతకంటే చాలా పెద్దది.

ఇక్కడ తెలుగువాళ్లకు మాత్రమే తగిలే రెండు రాళ్లున్నాయి, ముందే చెబుతాను. పేజీ తలభాగంలో అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని తప్పకుండా రాయించండి. చిన్న సర్వర్లు ఆ సంగతి తమంతట తాము చెప్పకపోవచ్చు, అప్పుడు పుస్తకాల పేర్లు అర్థంకాని గుర్తుల వరుసలుగా కనిపిస్తాయి. రెండోది ఇంకా దొంగచాటుది. ‘బుక్‌షాప్’ లాంటి మాట టైపు చేసినప్పుడు క కింద ష ఒత్తుగా దిగకుండా మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పడుతుంది. పట్టిక టైపు చేసినవాళ్లు అది పెట్టి, వెతికేవాళ్లు పెట్టకపోతే, రెండూ చూపుకు దగ్గరగా ఉన్నా కంప్యూటరు దృష్టిలో వేరువేరు మాటలు. బీరువాలో కళ్లెదుట ఉన్న పుస్తకం ‘లేదు’ అని వస్తుంది. వెతికే ముందు రెండు వైపుల నుంచీ ఆ కనబడని అక్షరాన్ని తీసేయమని మేనల్లుడికి చెప్పండి, ఒక్క వరుస పని. తెలుగు ఫాంటు మాత్రం పేజీతో పాటు పంపనివ్వకండి. ఫోన్లలో తెలుగు ముందే ఉంది.

సరే, ఇడ్లీ వడ్డించడానికి ఎవరిని పెట్టుకోవాలి? లైటీ, ఇంజిన్‌ఎక్స్ రెండూ ఒకే బాధకు పుట్టిన మందులు. ఒక్క కంప్యూటరు పదివేల కనెక్షన్లను ఒకేసారి మోయగలదా అన్నది 1999 నాటికి పేరుపడిన చిక్కుప్రశ్న. దానికి జవాబుగా యాన్ క్నెష్కె 2003లో లైటీని, ఇగోర్ సిసోయెవ్ 2004లో ఇంజిన్‌ఎక్స్‌ను బయటపెట్టారు. రెండూ మొదటి రకం హోటళ్లే: ఒక్క మనిషి అన్ని బల్లలూ చూసుకుంటాడు. రెండూ కొద్ది మెగాబైట్లతో సరిపెట్టుకుంటాయి. మీ గదిలో కూర్చున్నవాళ్లకు రెండింటి మధ్య వేగంలో తేడా కనిపించదు. అందుకే ఇంజిన్‌ఎక్స్ పెట్టమన్నవారి సలహా కూడా తప్పు కాదు. వెనక వేరే ప్రోగ్రాములను నిలబెట్టి ముందు ద్వారపాలకుడిలా ఉండాల్సిన చోట నేనూ దాన్నే పెడతాను.

మీకు లైటీ అనడానికి కారణం చిన్నదే. రేపెప్పుడైనా ఒక చిన్న స్క్రిప్టు, అంటే కొత్త పుస్తకం చేర్చే ఫారమో మరొకటో కావాలనిపిస్తే లైటీ దాన్ని అడిగిన ప్రతిసారీ స్క్రిప్టును కొత్తగా మొదలుపెట్టే పాతకాలపు సీజీఐ పద్ధతిలో నేరుగా నడుపుతుంది. ఇంజిన్‌ఎక్స్‌కు ఆ అలవాటు లేదు, మధ్యలో ఇంకో ప్రోగ్రాము పెట్టాలి. రోజుకు నాలుగుసార్లు వాడే ఫారానికి సీజీఐ చాలు. నెమ్మదిగా ఉంటుందని కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. లైటీ సెట్టింగుల ఫైలు కూడా ఒక పేజీకి మించదు, మీరు చదివి అర్థం చేసుకోగలరు.

ఇంకా చిన్నవి ఉన్నాయి. రౌటర్లలోనూ చిన్న పెట్టెల్లోనూ ఉండే బిజీబాక్స్‌లో ఒక బుల్లి సర్వరు ఉంటుంది. డార్క్‌హెచ్‌టీటీపీడీ అని ఒకే ఒక్క సీ ఫైలులో రాసినది ఇంకొకటి. కేవలం ఫైళ్లు ఇవ్వడానికైతే ఇవీ చాలు. 256 మెగాబైట్ల పై అయితే నేను వీటి గురించే ఎక్కువసేపు మాట్లాడేవాణ్ని. మీకు అంత పొదుపు అక్కర్లేదు. కాడీ అని 2015లో వచ్చినది పేజీని దారిలో ఎవరూ చదవకుండా పంపడానికి కావలసిన హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లను తనంతట తానే తెచ్చుకుంటుంది, ముచ్చటైన సర్వరు, కానీ మెమరీ దగ్గర చేయి కాస్త పెద్దది. పైథాన్‌తో వచ్చే సర్వరును ఇంట్లో పరీక్షకు వాడండి. రోజువారీ వాడకానికి వద్దని దాన్ని రాసినవాళ్లే చెప్పారు.

బోవా అనే పాత బుల్లి సర్వరు జోలికి మాత్రం వెళ్లవద్దు. చిన్న యంత్రాలకు మంచిదని పాత వ్యాసాల్లో ఇంకా కనిపిస్తుంది. దాన్ని 2005లోనే వదిలేశారు, అయినా కెమెరాల్లో, రౌటర్లలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. మన దేశంలో విద్యుత్ గ్రిడ్ మీద జరిగిన దాడుల వెనక అలాంటి పెట్టెల్లోని బోవా లోపాలు ఉన్నాయని 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. బరువు తక్కువగా ఉండడం ఒక్కటే చాలదు, దాన్ని ఇంకా ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి. లైటీకి అలా చూసుకునేవాళ్లున్నారు.

పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇప్పుడున్న కార్డును ముట్టుకోకండి, కొత్త కార్డు తెచ్చి దాని మీద రాస్ప్‌బెర్రీ పై వాళ్ల సొంత ఆపరేటింగ్ సిస్టమ్, 32 బిట్లది, బొమ్మలతో కనిపించే డెస్క్‌టాప్ తెర లేని చిన్న రకం ఎక్కించండి. మీ పైలో ఉన్నది ఏఆర్ఎమ్‌వీ6, అంటే ఏఆర్ఎమ్ రకంలో ఆరో తరం ప్రాసెసరు. సాధారణ డెబియన్‌లో 32 బిట్ల ఏఆర్ఎమ్‌కు మామూలుగా వాడే ప్రోగ్రాములు ఏడో తరం నుంచే నడుస్తాయి. పొరపాటున అవి ఎక్కిస్తే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఒక్క మాట చెప్పి ఆగిపోతాయి, దొంగతనం చేసినట్టు మనకు గుండె దడ. కొత్త కార్డులో అపాచీ ఉండదు కాబట్టి వెబ్ పేజీలకు ద్వారంలాంటి 80వ నంబరు పోర్టు కోసం ఇద్దరూ కొట్టుకోవడం కూడా తప్పుతుంది. గ్రాఫిక్స్‌కు ఇచ్చిన 64 మెగాబైట్లను 16కు తగ్గించండి. లైటీలో ఫైళ్లను నలిపే డిఫ్లేట్ మాడ్యూలును ఆన్ చేసి, నలిపిన ఫైళ్లను దాచుకునే ఫోల్డరు చూపించండి. అప్పుడు ప్రతిసారీ కొత్తగా నలపదు.

జరిగినదంతా సర్వరు రాసుకునే లాగ్ ఫైళ్ల గురించి చెప్పేటప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటు పైకప్పు మీద నీళ్ల ట్యాంకు మట్టం చూపించడానికి ఇలాంటి రాస్ప్‌బెర్రీ పైనే పెట్టాను. పేజీ ప్రతి ఐదు సెకన్లకూ తనంతట తాను కొత్తదై వచ్చేలా రాశాను, గొప్పగా ఉంటుందని. వాచ్‌మన్ తన ఫోనులో ఆ పేజీ తెరిచి పగలూ రాత్రీ అలాగే ఉంచేవాడు. ఆ ఒక్క ఫోనుకే రోజుకు 17,280 వరుసలు లాగ్ ఫైలులో చేరేవి. వానాకాలం మధ్యలో కార్డు చచ్చిపోయింది. విప్పి చూస్తే ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చటి చిలుము కూడా పట్టి ఉంది. ఏది ముందు చంపిందో చెప్పలేను కానీ రెండింటికీ బాధ్యుణ్ని నేనే. కాబట్టి ఎవరు ఏ పేజీ చూశారో రాసే లాగ్‌ను ఆపేయండి. తప్పుల లాగ్‌ను ఉంచి, దాన్ని మెమరీలోనే రాసే ఏర్పాటు చేయండి. సముద్రం మీకు మాకన్నా దగ్గర. పెట్టెను కిటికీ పక్కన కాకుండా లోపలి గోడకు, బీరువా పైన పెట్టండి.

ప్లగ్గు పీకి పెట్టానన్నారు. అది ఇక మానాలి మాస్టారూ. రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడయ్యే అవకాశం ఎక్కువ. కానీ వేసవిలో కరెంటు మనల్ని అడిగి పోదు కదా. అందుకు మార్గముంది. సెట్టింగుల ప్రోగ్రాములో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అనే వీలు ఉంటుంది. అన్నీ అమర్చాక దాన్ని ఆన్ చేస్తే, కార్డు మీద ఇక ఏమీ రాయదు. రాతలన్నీ మెమరీలో జరిగి, ఆపగానే పోతాయి. కొత్త పుస్తకాలు చేర్చే రోజున దాన్ని ఆపి, పట్టిక మార్చి, మళ్లీ ఆన్ చేయాలి. నెలకోసారి ఆ శ్రమ పడవచ్చు. ఛార్జరు కూడా చూసుకోండి: ఐదు వోల్టుల దగ్గర కనీసం ఒక ఆంపియరు నిజంగా ఇచ్చేది కావాలి, సన్నటి పొడుగు వైరు వద్దు. ‘సర్వరు బాగాలేదు’ అని నా దగ్గరకు వచ్చినవాటిలో కొన్నింటికి అసలు జబ్బు ఛార్జరే.

రౌటరుకు, పైకి కలిపి చిన్న బ్యాటరీ బ్యాకప్ ఒకటి పెట్టుకుంటే ఇంకో లాభం. పట్టిక మీ గదిలోనే ఉంది కాబట్టి బయటి ఇంటర్నెట్ లేకపోయినా వైఫైలో తెరుచుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన ఊళ్లో కరెంటూ ఫోన్లూ లేకుండా గడిపిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అంతటి గాలివానకు పట్టిక ఎందుకని కాదు, కేబులు తెగిన మామూలు రోజులకు కూడా ఇది పనికొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మీ పైకి సొంత గడియారం లేదు. ఇంటర్నెట్ లేకుండా లేచినప్పుడు తేదీ తప్పు చూపిస్తుంది. పట్టికకు దానితో పనిలేదు.

విదేశాల్లోని సభ్యుల సంగతి. ఇంటి కనెక్షను ద్వారా మీ పైని బయటి ప్రపంచానికి తెరవాలని చూడకండి. ముందు అది సాధ్యమో కాదో కూడా చూడాలి. రౌటరు పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, మీలాంటి చాలామందికి కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చారని అర్థం. అప్పుడు బయటివాళ్లు ఆ దారిన మీ గుమ్మం దాకా రాలేరు. వచ్చే వీలున్నా వద్దనే అంటాను, పఠన మందిరంలో రాత్రిపూట ఎవరు కాపలా ఉంటారు? ఇడ్లీ పద్ధతికి మారారు కదా, దాని అసలు సుఖం ఇక్కడ తెలుస్తుంది. మీ పట్టిక ఇప్పుడు రెండు మూడు ఫైళ్లున్న ఒక ఫోల్డరు. ఆ ఫోల్డరు నకలును గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచితంగా ఫైళ్లు ఇచ్చే చోట పెట్టేస్తే డాలస్‌లో ఉన్నవాళ్లు అక్కడ చూసుకుంటారు, మీ గదిలోవాళ్లు ఇక్కడ చూసుకుంటారు. హెచ్‌టీటీపీఎస్ బాధ కూడా వాళ్లే పడతారు. గదిలోపల బ్రౌజరు ‘సురక్షితం కాదు’ అని చూపిస్తుంది. పాస్‌వర్డు ఏదీ అడగని పుస్తకాల పట్టికకు దాని గురించి కంగారుపడనక్కర్లేదు.

చివరిది, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది. రాయవచ్చు, కానీ నేనైతే రాయను. పుస్తకం లోపల ఉందా, బయటికి వెళ్లిందా అన్న ఒక్క ముక్క పట్టికలో చూపించండి, అది అందరికీ అవసరం. ఎవరి ఇంట్లో ఉందో అందరికీ ఎందుకు? పక్కింటాయన మధుమేహం మీద పుస్తకం తీసుకెళ్లిన సంగతి వీధంతా ఫోనులో చూడడం బాగుండదు. మీ బల్ల మీద ఎర్ర అట్ట రిజిస్టరు ఉండే ఉంటుంది, దానికే ఆ పని ఉంచండి. కంప్యూటరులోనే కావాలంటే మీ బల్ల దగ్గరి కంప్యూటరులో వేరే ఫైలుగా ఉంచుకోండి, రాస్ప్‌బెర్రీ పైలోకి పంపకండి. ఓవర్‌లే ఆన్‌లో ఉండగా పైలో రాసినా దాన్ని ఆపగానే మాయమవుతుంది, ఆ సంగతి ముందే చెప్పాను.

ఇక సభ్యులకు చిరునామా ఎలా చెప్పాలి? రౌటరులో పైకి ఎప్పుడూ ఒకే నంబరు వచ్చేలా కట్టేసి, ఆ చిరునామాకు ఒక క్యూఆర్ కోడ్ తయారుచేసి ప్రతి బీరువా తలుపు మీదా అతికించండి. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు వంగకుండా ఛాతీ ఎత్తులో, ట్యూబులైటు మెరుపు పడని చోట. దాని కింద వైఫై పేరు కూడా పెద్ద అక్షరాలతో రాయండి. సొంత మొబైల్ డేటాలో ఉండి ‘రావడం లేదు’ అనేవాళ్లు మొదటి వారం కనీసం నలుగురైనా వస్తారు.